వెనక సీటు బరువు

ఫిబ్రవరి 4
వంతెన పక్క లాడ్జి, పై గది

ఒరేయ్ తమ్ముడూ,

నీ మీసం తగలెయ్య! బయల్దేరేనాడు వాకిట్లో నిలబడి దాన్ని మెలేస్తూ, "బావా, ఇంత పెద్ద బండి, ఇద్దరు మనుషులు, ఇంత సామాను. లీటరుకు ముప్పై ఇచ్చిందంటే ఈ మీసం తీసేస్తా" అన్నావు చూడు, ఆ మాట నువ్వు అక్కడే వదిలేసి నీ కొట్టుకి పోయావు. మీ బావ దాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బండి మీద ఇప్పుడు ముగ్గురం ఉన్నాం. ఆయన, నేను, నీ మీసం.

"వచ్చాడు ఏమిటి వదినా, వచ్చారు అనాలి" అని మరదలు అంటుందేమో. ఇంటి దగ్గర అలాగే అంటాను. బండి మీద బరువు తగ్గించాలి, తగ్గించాలి అని పొద్దస్తమానం పోరుతున్నాడు గనక ముందు గౌరవం దించేశాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఉన్న ఒక్క ఫోన్ ఆయనది, గదిలో చేస్తే ఆయన పక్కనే ఉంటాడు. నీ కొట్లో ఎవడో ఒకడు బండి స్టార్ట్ చేసి మోత మోగిస్తూనే ఉంటాడు. నా తిట్లు సగం ఆ మోతలో కలిసిపోతే ఎవరికి నష్టం? కాగితం మీదైతే ఒక్కటీ వృథా పోదు.

ఇప్పటిదాకా ఏం చూశావక్కా అని అడుగు. పెట్రోలు బంకులు చూశాను. బంకు కనపడగానే మీ బావ ముఖం వెలిగిపోతుంది. దిగుతాడు, పెట్టెలోంచి ఇత్తడి లీటరు కొలపాత్ర తీస్తాడు. రిటైరైన రోజు ఆఫీసు వాళ్ళు కానుకగా ఇచ్చారే, అదే. దాంట్లో పోయించి, కిందికి వంగి, ఒంటికన్ను మూసి చూసి, "రెండు చుక్కలు తక్కువ" అంటాడు. బంకువాడు నా ముఖం చూస్తాడు. నేను ఆకాశం చూస్తాను. తూనికల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన దాన్ని వదల్లేదు. తర్వాత ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని లీటర్లు అని పెన్నుతో అరచేతి మీద రాసుకుంటాడు. చెమటకి చెరిగిపోతే నన్నడుగుతాడు, ఎంత రాశానని.

ఆగడం మాత్రం లేదు. ఆగి మళ్ళీ కదిలితే పెట్రోలు తాగుతుందట. చెరకు తోటలు పోయాయి, పాత కోట పోయింది, ఏనుగంత బండరాయి ఒకటి పోయింది. అన్నీ మెడ తిప్పి చూడ్డమే. నా వంతుగా నేను చేసేది ఒక్కటే. స్పీడు ముల్లు అరవై దాటితే వేలితో ఆయన డొక్కలో పొడుస్తాను. సైకిలు మీద తిరిగిన రోజుల నుంచీ అలవాటు.

పెళ్ళైన కొత్తలో వంటింటి క్యాలెండర్లో లైట్‌హౌస్ బొమ్మ చూపించి, "రోడ్డు అక్కడితో అయిపోతుంది. నిన్ను వెనకాల కూర్చోబెట్టుకుని అక్కడిదాకా తీసుకెళ్తా" అన్నాడు. క్యాలెండర్లు మారిపోయాయి, సైకిలు పోయింది, పిల్లల చదువులయ్యాయి. ఇన్నేళ్ళకి కుదిరింది. ఆ ఒక్క మాట కోసం వచ్చానురా నేను. ఆయన నీ మీసం కోసం వచ్చాడు.

ఏ ఊళ్ళో ఏ లాడ్జో చూసుకుని ఆయన ముందే డబ్బు కట్టేశాడు, ఆ చీటీ మరదలి దగ్గర ఉంది. తర్వాతి దానికి రాయి.

అక్క


ఫిబ్రవరి 8
కొట్టు

అక్కా,

నీ ఉత్తరం మీ మరదలు పైకి చదివింది. కొట్లో ఉన్న ఇద్దరు మెకానిక్కులు పడీపడీ నవ్వారు. ఆ తర్వాత ఒకడు తీరిగ్గా నా మీసం వంక చూశాడు. అది నాకు నచ్చలేదు.

అయినా బావగారి పట్టుదల చూస్తే ముచ్చటేసింది. ఆయన తిరిగొచ్చాక నా మీద గెలవలేదని బాధపడకూడదు కాబట్టి, పాతికేళ్ళుగా స్పేర్‌పార్ట్సు అమ్ముతున్నవాడిగా నాలుగు మాటలు చెబుతాను. ఆయనకి చదివి వినిపించు. టైర్లలో గాలి పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. చైనుకి నూనె ఆరిపోనివ్వకూడదు. గేరు ఊరికే మార్చకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, గాలికి అడ్డం వచ్చేవీ బరువైనవీ ఏమున్నా తీసిపారేయాలి. బండి తాగే పెట్రోల్లో సగం గాలిని తోసుకుంటూ పోవడానికే సరిపోతుంది. జనం ఇల్లంతా కట్టుకుని బయల్దేరి బండి తాగుతోందని ఏడుస్తారు. బండేం చేస్తుంది?

ఇక నీ విషయం. ఇంత దూరం పోయి ఆ రెండు చుక్కల గురించి గొడవేమిటక్కా? ఆయన సంతోషం ఆయనది. నువ్వు కళ్ళు మూసుకుని గాలి తగిలించుకో. ఊరికే కూర్చోడానికి కూడా నీకు ఇబ్బందేనా?

మీసం క్షేమం.

తమ్ముడు


ఫిబ్రవరి 13
గడియారం స్తంభం ఎదురు లాడ్జి

ఒరేయ్ మహామేధావీ,

కొరివిచ్చి తల గోక్కోమన్నావు. నీ ఉత్తరం నా చేతికి రాలేదు. లాడ్జి పుస్తకంలో సంతకం పెట్టేది ఆయన కదా, కవరు కూడా ఆయనే తీసుకుని మెట్ల మీదే చించాడు. నేను చదివి వినిపించడం కాదు, ఆయనే నాకు మూడుసార్లు చదివి వినిపించాడు. "గాలికి అడ్డం వచ్చేవీ బరువైనవీ" అన్న చోట గొంతు పెంచి మరీ చదివాడు.

మర్నాడు పొద్దున కిందికి దిగేసరికి నా బ్యాక్‌రెస్టు లేదు. నీ కొట్లోనే కదరా, నాలుగు చూసి, కూర్చుని, వెనక్కి వాలి, నడుముకి సరిపోయిందని ఏరుకున్నాను! స్పానరు పెట్టి విప్పి, పాత గుడ్డలో చుట్టి ఇంటికి పార్సిలు చేసేశాడు. "అది తెరచాపలాగా గాలి పడుతోంది" అన్నాడు. దాంతోపాటు నా బట్టల సంచి కూడా పోయింది. ఇప్పుడు నాకున్నవి రెండు జతలు, నీలం శాలువా. ఆ ఇత్తడి కొలపాత్ర మాత్రం పెట్టెలో దర్జాగా కూర్చుని ఉంది. ఎత్తి చూశాను, నా చెప్పుల జతకన్నా బరువుంది. అదేమిటంటే, "అది పరికరం" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఇంకో కొత్త విద్య మొదలైంది. ట్యాంకు నిండా పోయించడు. పెట్రోలుకీ బరువుంటుందట! తర్వాతి బంకు ఎంత దూరమో చూసి, ఆ దూరానికి ఎంత కావాలో లెక్కేసి, అంతే పోయిస్తాడు. నిన్నొక బంకువాడు జాలిపడి, "ఇంకో లీటరు పోయించుకోండి సార్, ముందు బంకులు తక్కువ" అన్నాడు. మీ బావ వాణ్ణి చూసిన చూపు, పాపం, నకిలీ తూకపు రాయి దొరికినప్పుడు కొట్టువాణ్ణి చూసే చూపు.

నిన్ననే దారిలో జలపాతం వచ్చింది. రోడ్డు పక్కనే ఉంది, నడిచి వెళ్ళక్కర్లేదు. జనం బళ్ళు ఆపుకుని తడుస్తున్నారు. నేను భుజం తట్టాను. వినలేదు. రెండోసారి తట్టాను. "దిగుడులో ఉన్నాం, ఇప్పుడు ఆగితే ఈ దిగుడంతా దండగ" అని అరిచాడు. ఇంజను ఆపేసి అలా జారిపోయాం. నా చెంప మీద నాలుగు తుంపర్లు పడ్డాయి. అదీ నేను చూసిన జలపాతం.

ఇవాళ ఇరవై తొమ్మిది వచ్చిందట. ముప్పైకి ఇంకొక్కటి కావాలి. మంచం మీద కూర్చుని బండి మీద ఇంకేం ఉన్నాయా అని వేళ్ళు మడుస్తున్నాడు. తీసేయాల్సినవన్నీ తీసేశాడు, ఇంక నేనే మిగిలాను. నన్ను కూడా గుడ్డలో చుట్టి పార్సిలు చెయ్యమని చెప్పు, పీడా పోతుంది.

మీ ఇద్దరి బుర్రలూ కలిపి ఆ పాత్రలో పోసినా రెండు చుక్కలు తక్కువే వస్తుంది.

అక్క


ఫిబ్రవరి 17
కొట్టు

అక్కా,

ఎన్నాళ్ళకి నీ పాత గొంతు విన్నాను! చిన్నప్పుడు నా పరీక్ష మార్కులు చూసి తిట్టినట్టే తిట్టావు. నువ్విలా తిడుతున్నావంటే హాయిగా ఉన్నావన్నమాట. మీ మరదలు మాత్రం, "వదినకి నిజంగా కోపం వచ్చింది, సరదా కాదు" అంటోంది. నీ సంగతి దానికేం తెలుసు?

బ్యాక్‌రెస్టు పార్సిలు అందింది. కొట్లో అద్దాల బీరువాలో పెట్టాను.

ఇరవై తొమ్మిది అంటే మాటలు కాదక్కా. కంపెనీవాడు కూడా ఇద్దరితో అంత చెప్పడు. బావకి నా నమస్కారాలు చెప్పు. నువ్వన్నట్టు ఇక మిగిలింది నువ్వే కాబట్టి, బావా, ఈ ఉత్తరం మీరే చదువుతున్నారని తెలిసి రాస్తున్నాను, ఒక పూట అక్కని బస్సెక్కించి చూడండి. బండి అసలు సత్తా ఎంతో తేలిపోతుంది. బస్సువాళ్ళు కూడా బతకాలి కదా! ఆ దెబ్బకి ముప్పై అయిదు వచ్చినా వస్తుంది. కాకపోతే రాత్రికి లాడ్జి గదిలో మీ సత్తా ఎంతో అక్క తేలుస్తుంది, దానికి నా పూచీ లేదు.

మీసానికి కొద్దిగా భయం పట్టుకుంది. అద్దంలో చూసుకుంటూ ఎక్కువసేపు నిలబడుతున్నాను.

తమ్ముడు


ఫిబ్రవరి 22
బస్‌స్టాండు వెనక లాడ్జి

తమ్ముడూ,

ఎద్దు ఈనిందంటే దూడని కట్టేయమన్నాడట. మీ బావతో వేళాకోళమాడే ముందు నన్నొకసారి అడగాల్సింది.

నీ ఉత్తరం చదివి నవ్వలేదు. మడిచి జేబులో పెట్టుకుని, "మీ తమ్ముడు అప్పుడప్పుడు పనికొచ్చే మాట అంటాడు" అన్నాడు. మర్నాడు పొద్దున నన్ను బస్‌స్టాండుకి తీసుకెళ్ళి, టికెట్టు కొని, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు. "ఒక్క రోజే. ఊరికే తేడా ఎంతుందో చూద్దామని" అన్నాడు. పొమ్మనలేక పొగబెడతారని విన్నాను. ఈయన టికెట్టే కొనిచ్చాడు.

బస్సు కదిలాక ఏడుద్దామనుకున్నానురా. నిజం. వెనకాల కూర్చోబెట్టుకుని తీసుకెళ్తానన్న మనిషి, లీటరుకొక్క కిలోమీటరు కోసం నన్ను దించేశాడు. ఇన్నేళ్ళ కాపురంలో నన్నెన్నో అన్నాడు గానీ బరువని ఎప్పుడూ అనలేదు. ఏడుపు వచ్చేలోపే పక్క సీటావిడ సంచిలోంచి మరమరాలు తీసి ఇచ్చింది. నోట్లో మరమరాలు పెట్టుకుని ఏడవడం కుదరదు.

ఆ బస్సు ఆగినట్టు ఏదీ ఆగదురా! చెయ్యెత్తినవాడికల్లా ఆగింది. కోళ్ళ గంపకి ఆగింది. డ్రైవరు చెల్లెలి ఇంటి ముందు ఆగి, ఆవిడకేదో మందుల కవరు ఇచ్చాడు. ఒక చోట టీ కోసం ఆగితే ఎదురుగా చెరువు, చెరువు నిండా ఎక్కడివో తెల్ల పక్షులు. గ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు.

సాయంత్రం బస్సు ఆగేసరికి మీ బావ అక్కడున్నాడు. హెల్మెట్ చంకలో పెట్టుకుని, జుట్టు చెదిరి, దుమ్ము కొట్టుకుపోయి, నేను దిగేదాకా ప్రతి కిటికీలోకీ తొంగి చూస్తున్నాడు. "లేటయింది" అన్నాడు, నేను నడిపిన బస్సయినట్టు. నేను ఆయన్ని దాటుకుని ముందుకు నడిచాను. ఎంత వచ్చిందని కూడా అడగలేదు. అడుగుతానేమోనని రాత్రంతా అరచెయ్యి మూసుకునే పడుకున్నాడు.

ఒక్క రోజన్నది ఇవాళ్టికి మూడో రోజు. ప్రతి ఊళ్ళోనూ ఇదే తంతు. నేను దిగేసరికి మనిషి అక్కడ నిలబడే ఉంటాడు. నా బరువు దిగిపోయింది కదా, ఎగురుకుంటూ వస్తున్నట్టున్నాడు.

అక్క


ఫిబ్రవరి 25
కొట్టు

అక్కా,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ మీ మరదలు నాతో మాట్లాడ్డం లేదు. కంచం పెట్టి వెళ్ళిపోతోంది. నేను సరదాకి రాశానక్కా, ఎవరైనా అలా చేస్తారా? లాడ్జికి ఫోన్ చేస్తే ఇద్దరూ వెళ్ళిపోయారన్నాడు. బావకి చేస్తే ఎత్తలేదు.

ఎత్తలేదు గానీ నిన్న ఆయన నుంచి వేరే ఒక కాగితం వచ్చింది. నీకు చూపించొద్దన్నాడు, అందుకని చెబుతున్నాను. మైలేజీ పడిపోయిందట! నువ్వు దిగాక ముప్పై అయిదు కాదు, ఇరవై నాలుగు వస్తోందట. రోజురోజుకీ ఇంకా దిగుతోందట. ఎయిర్ ఫిల్టరు దులిపాడట, ప్లగ్గు మార్చాడట, మూడు వేర్వేరు బంకుల్లో పోయించి చూశాడట. "స్పీడు యాభై అయిదు దాటడం లేదు. అయినా తాగుతోంది. కారణం వెంటనే తెలుపగలవు" అని ఆఫీసు మెమోలాగా రాశాడు.

పెట్రోల్లో కల్తీ అయ్యుండాలి, లేకపోతే క్లచ్ జారుతూ ఉండాలి. బండి ఎత్తు మీద అరుస్తోందా, పొగ నల్లగా వస్తోందా, ఒక్కసారి చూసి చెప్పక్కా. కోపం ఆయన మీద, బండేం చేసింది? సమస్య దొరికితే ఈ పిచ్చి వదిలి నిన్ను మళ్ళీ ఎక్కించుకుంటాడు.

తమ్ముడు


ఫిబ్రవరి 28
ఉప్పు కొఠార్ల ఊళ్ళో లాడ్జి

తమ్ముడూ,

ఊళ్ళో పెళ్ళవుతుంటే కుక్కలకి హడావిడి అన్నట్టుంది నీ వ్యవహారం. నేనేం రాశాను, నువ్వేం అడుగుతున్నావు? నన్ను బస్సులో పడేశారురా అంటే పొగ నల్లగా వస్తోందా అంటావా? నీకన్నా మరదలు నయం. కంచమైనా పెడుతున్నందుకు దానికి దండం పెట్టు.

నిన్న రాత్రి మీ బావ మంచం అంచున కూర్చుని, గొంతు సవరించుకుని, "రేపటి నుంచి నువ్వు బండి మీదే రావాలి" అన్నాడు. నా ప్రాణం ఒక్కసారి లేచొచ్చింది. ఎందుకని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. "నువ్వున్నప్పుడు ఇరవై తొమ్మిది ఇచ్చింది. వెనక బరువుంటే టైరు రోడ్డుని బాగా పట్టుకుంటుందేమో. శాస్త్రం ప్రకారం అలా ఉండకూడదు గానీ, పరీక్షించి చూడాలి" అన్నాడు.

విన్నావా? మొన్న బరువని దించాడు, ఇప్పుడు బరువని ఎక్కమంటున్నాడు! నీ కొట్లో నట్లూ బోల్టులూ ఉన్నట్టు నేనూ ఒక స్పేర్‌పార్టునన్నమాట. పెట్టి చూస్తాడు, పనికొస్తే బిగిస్తాడు. నేనన్నాను, "ఇసుక బస్తా కట్టుకోండి, అదైతే డొక్కలో పొడవదు" అని. "బస్తా వద్దు" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు ఆ నోట్లోంచి. ఇరవై బంకుల్లో రెండు చుక్కల కోసం వాదించిన నోరు.

నేను తేల్చేసుకున్నాను. లైట్‌హౌస్ దాకా బస్సులోనే పోతాను. ఎవరూ వెనకాల కూర్చోబెట్టుకోనక్కర్లేదు, చూసి వస్తాను. అక్కడి నుంచి తిన్నగా మీ ఇంటికే. ఆయన ఇల్లూ కొలపాత్రా ఆయన్నే ఏలుకోమను. మీ వెనక గదిలో పాత టైర్లు తీయించి మంచం వేయించు. మీ మరదలు, మీ మరదలు అని నాకు రాయడం మాని, దానికి నువ్వే చెప్పు. వారం రోజులకి కాదు, ఉండడానికి వస్తున్నానని చెప్పు.

ఇవాళ కూడా బస్సు దిగేసరికి నిలబడి ఉన్నాడు. ఈ బస్సు దారిలో ఎక్కడా ఆగని ఎక్స్‌ప్రెస్సు, పైగా మేమిద్దరం పొద్దున ఒకేసారి బయల్దేరాం. అయినా నాకన్నా ముందే వచ్చేసి, పెదవులు ఎండిపోయి, చేతిలో నాకోసం నీళ్ళ సీసా. నేను తీసుకోలేదు.

అక్క


మార్చి 2
కొట్టు

అక్కా,

మంచం వేయించాను. మీ మరదలు, అంటే నా పెళ్ళాం, దుప్పటి కూడా పరిచింది. ఎప్పుడొచ్చినా సరే, ఎన్నాళ్ళున్నా సరే.

కానీ ఒక్క మాట. ఈసారి తిట్టకుండా చదువు. కవరు మీద నీ పేరు పెద్దగా రాసి, "స్వయంగా ఇవ్వాలి" అని కింద గీత గీశాను.

నీ ఉత్తరం పట్టుకుని నేను క్లచ్ గురించి ఆలోచిస్తుంటే, నా పెళ్ళాం లాక్కుని ఒకటే ప్రశ్న అడిగింది. "మీ బావ యాభై అయిదులో వస్తే ఎక్కడా ఆగని ఎక్స్‌ప్రెస్సు కన్నా ముందెలా చేరుతున్నాడు?"

పాతికేళ్ళ కొట్టు నాది. నాకు తట్టలేదు.

ఎగురుకుంటూ వస్తున్నాడని నువ్వే రాశావు, నిజమే. తొంభై, వంద మీద వస్తున్నాడు. అంత స్పీడులో ఏ బండైనా తాగుతుంది. ఇరవై తొమ్మిది వచ్చింది బండి గొప్పతనం కాదు, ఆయన గొప్పతనం అసలే కాదు, నువ్వు డొక్కలో పొడవడం వల్ల. నువ్వు దిగావు, పొడిచేవాళ్ళు లేరు. దానికి తోడు నీ బస్సు కన్నా ముందు వచ్చి నిలబడాలి. నువ్వు కొత్త ఊళ్ళో దిగి ఒక్కదానివే నిలబడతావేమోనని ఆయనకి కంగారు. ఆ కంగారు ఆయనకే తెలిసినట్టు లేదు. ముల్లు వంక చూస్తే కదా తెలిసేది, ఆయన రోడ్డు మీద నీ బస్సుని వెతుక్కుంటున్నాడు. అది తెలియక ప్లగ్గులు మారుస్తున్నాడు, వెర్రిమనిషి.

నన్ను ఎన్ని తిట్టినా పడతాను. రావాలనిపిస్తే రా. కాకపోతే ఇది తెలిసి రా.

తమ్ముడు


మార్చి 6
రోడ్డు చివర

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న పొద్దున చేతికొచ్చింది. లాడ్జివాడు నీ గీత చూసి నా చేతికే ఇచ్చాడు. బస్సెక్కి చదివాను. రెండోసారి చదివేసరికి కిటికీలోంచి సముద్రం కనపడ్డం మొదలైంది.

ఇంకా కొంత దూరం పోయాక రోడ్డు పక్కన ఒక బండి, బండి పక్కన ఒక మనిషి. చెట్టూ చేమా లేని చోట ఎండలో నిలబడి, హెల్మెట్ సీటు మీద పెట్టి, ట్యాంకు మూత తీసి, ఒంటికన్ను మూసి లోపలికి చూస్తున్నాడు. పెట్రోలు అయిపోయింది! జన్మంతా ఊరందరి బంకులూ కొలిచిన మనిషికి, దారి మధ్యలో, పెట్రోలు అయిపోయింది! ఇరవై తొమ్మిది లెక్కన పోయించుకుని, వంద మీద వస్తే మరేమవుతుంది? వస్తున్నది ఇరవై నాలుగేనని ఆయన అరచేతికి తెలుసు, ఆయన ఒప్పుకోడు.

బస్సంతా చూసి నవ్వింది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. బస్సు ఆయన్ని దాటేటప్పుడు తలెత్తి కిటికీలన్నీ వరసగా చూశాడు. సహాయం కోసం చెయ్యి ఎత్తలేదు. నేను కనపడ్డాక తల దించేసుకున్నాడు. ఈ బస్సు ముందుగా చేరిపోతుంది, నేను దిగేసరికి అక్కడ ఎవరూ ఉండరు, అదీ ఆయన దిగులు. పెట్రోలు గురించి కాదు. ఆ ముఖం చూస్తే నువ్వు రాసింది అక్షరం పొల్లుపోలేదు.

ముందొచ్చిన బంకు దగ్గర బస్సు ఆపించి దిగాను. డ్రైవరు, "ఇంకో రెండు మలుపులు తిరిగితే లైట్‌హౌసే కదమ్మా" అన్నాడు. తెలుసన్నాను. బంకులో ఒక పాత డబ్బా అడిగి తీసుకుని, నిండా పోయించుకుని, చేపల కోసం ఐసుగడ్డలు మోసే లారీ ఒకటి వెనక్కి, ఆయనున్న వైపు పోతుంటే ఎక్కాను. కాళ్ళ కింద ఐసు నీళ్ళు, ఒళ్ళో పెట్రోలు డబ్బా, నీలం శాలువా ముక్కుకి అడ్డం. నీ మాట విని ఊరికే కళ్ళు మూసుకుని గాలి తగిలించుకున్నట్టయితే ఈ వైభవం దక్కేదా?

నేను దిగేసరికి అలాగే నిలబడి ఉన్నాడు. దారంతా అనాల్సినవి కూడబెట్టుకున్నాను. బస్సెక్కించినందుకొకటి, బ్యాక్‌రెస్టుకొకటి, జలపాతానికి రెండు. ఒక్కటీ అనలేదు. "వంద మీద వచ్చారా?" అని మాత్రం అడిగాను. "ఎదురుగాలి" అన్నాడు. ఆకు కూడా కదలడం లేదక్కడ. "నాకోసం వచ్చారా?" అన్నాను. ట్యాంకులోకే చూస్తూ, "బస్‌స్టాండులో నిన్నెవరూ... సామాను మోసుకుంటూ నువ్వు..." అని ఆగిపోయాడు. సామానేదిరా నాకు, అంతా పార్సిలు చేసేశాడు కదా!

డబ్బా మూత తీశాను. ఆయన చెయ్యి దానంతట అదే పక్క పెట్టె మీదికి పోయింది. కొలపాత్ర ఉండేది అందులోనే. పెట్టె తెరవలేదు. నేను డబ్బా ఎత్తి, ఒక పక్కకి ఒలికిపోతున్నా సరే, అయిపోయేదాకా పోశాను. ఆయన రెండు చేతులతోనూ ట్యాంకు నోటి చుట్టూ పట్టుకున్నాడు. అరచేతి మీద రాసుకున్నదంతా పెట్రోలులో కరిగి నీలంగా కారిపోయింది. అయినా ఎంత పోశావని అడగలేదురా.

తర్వాత ఎక్కి కూర్చున్నాను. వెనక వాలడానికేమీ లేదు గనక ఆయన్నే పట్టుకున్నాను. మిగిలిన దారిలో అయిదు చోట్ల ఆగమన్నాను, అయిదు చోట్లా ఆగాడు. ఒక చోట చూడ్డానికేమీ లేదు, ఊరికే ఆపించాను.

లైట్‌హౌస్ క్యాలెండర్లో ఉన్నంత ఎత్తేమీ లేదు. సున్నం ఊడిపోయింది.

ముప్పై రాలేదు, నీ మీసం నీకే ఉంది. బ్యాక్‌రెస్టు మాత్రం ఇది అందగానే ఇక్కడికి పంపు, తిరుగు ప్రయాణం నెల రోజులు పడుతుంది. వెనక గదిలో మంచం తీయకు. ఆ కొలపాత్ర ఇంకా పెట్టెలోనే ఉంది.

అక్క